జాఫ్నా ఓట్లు సీట్లుగా ఎలా మారాయి? దామాషా ఫలితాన్ని కాగితం మీద మీరే లెక్కగట్టే పద్ధతి

మన దగ్గర ఎన్నికల ఫలితం అనగానే రెండే ప్రశ్నలు వినిపిస్తాయి: ఎవరు గెలిచారు, మెజారిటీ ఎంత? ఈ రెండింటితో శ్రీలంక ఫలితాల షీటు ముందు కూర్చుంటే ఏమీ తేలదు. 2024 నవంబర్ 14న జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో జాఫ్నా జిల్లాలో నేషనల్ పీపుల్స్ పవర్ (ఎన్‌పీపీ) మొదటి స్థానంలో నిలిచింది. ఆ పార్టీకి వచ్చినవి 80,830 ఓట్లు, అంటే చెల్లిన ఓట్లలో పావు వంతు కూడా కాదు. సీట్లు మాత్రం ఆరింటిలో మూడు వచ్చాయి. రెండో స్థానంలో ఉన్న పార్టీకి 63,327 ఓట్లు వచ్చినా ఒక్క సీటే దక్కింది. 27,855 ఓట్లు తెచ్చుకున్న ఓ స్వతంత్ర బృందానికీ ఒక్క సీటే.

దామాషా అంటే ఓట్ల నిష్పత్తిలో సీట్లు కదా, మరి ఇదేమిటి అనిపిస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. ఓట్లకూ సీట్లకూ మధ్య ఐదు మెట్ల లెక్క ఉంది, అంతే. ఒక కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు. ఒకసారి చేత్తో చేసి చూస్తే ఆ తర్వాత లంకలో ఏ జిల్లా ఫలితమైనా మీరే చదువుకోవచ్చు.

ముందుగా, ఈ ఆరు సీట్లు ఎక్కడివి?

శ్రీలంక పార్లమెంటులో 225 మంది సభ్యులు. వీరిలో 196 మంది 22 ఎన్నికల జిల్లాల నుంచి వస్తారు. మిగతా 29 మంది దేశం మొత్తం మీద పార్టీలకు పడిన ఓట్లను బట్టి జాతీయ జాబితా నుంచి వస్తారు. ఆ 196 లో కూడా రెండు భాగాలున్నాయి. తొమ్మిది రాష్ట్రాలకు (అక్కడ ప్రావిన్స్ అంటారు) తలా నాలుగు చొప్పున 36 సీట్లు ముందే కేటాయించి ఉంటాయి. మిగిలిన 160 సీట్లను ఏ జిల్లాలో ఎంతమంది ఓటర్లు నమోదై ఉన్నారో చూసి పంచుతారు. రాష్ట్రానికి నాలుగు అన్న నియమం వల్ల జనం తక్కువ ఉన్న ప్రాంతాలకు కాస్త ఊరట దొరుకుతుంది.

ఉత్తర రాష్ట్రంలో రెండు ఎన్నికల జిల్లాలున్నాయి, జాఫ్నా, వన్ని. పరిపాలన జిల్లా, ఎన్నికల జిల్లా ఒకటే అనుకోకండి. జాఫ్నా ఎన్నికల జిల్లాలో పక్కనున్న కిళినొచ్చి కూడా కలిసే ఉంటుంది. మన్నార్, వవునియా, ముల్లైతీవు మూడూ కలిస్తే వన్ని.

ఓటర్ల సంఖ్యను బట్టి పంచే పద్ధతి కాబట్టి సీట్లు మారుతూ ఉంటాయి. 2010లో జాఫ్నాకు 9 సీట్లు. 2015లోనూ 2020లోనూ 7. 2024కి 6 అయ్యాయి. యుద్ధం వల్ల లక్షల మంది కెనడా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియాలకు వెళ్ళి స్థిరపడిపోయిన చోట ఓటర్ల జాబితా మిగతా జిల్లాలతో పోలిస్తే ఎటు పోతుందో వేరే చెప్పక్కర్లేదు. లెక్కలో ఈ తగ్గుదల చాలా ముఖ్యం. సీట్లు తగ్గేకొద్దీ ఒక్కో సీటు ధర ఓట్లలో పెరుగుతుంది, చిన్న పార్టీలకు దారి ఇరుకవుతుంది.

ఇంకో జాగ్రత్త. లెక్కింపు రోజు ఫలితాలు నల్లూరు, కోప్పాయ్, మానిప్పాయ్, వడ్డుకోట్టై, పాయింట్ పెడ్రో, చావకచ్చేరి అంటూ విడివిడిగా వస్తాయి. జాఫ్నా కింద ఇలాంటి పోలింగ్ డివిజన్లు 11 ఉన్నాయి. పోస్టల్ ఓట్లు ఇంకో వరుసగా వస్తాయి. ఇవన్నీ ఒకప్పుడు మన అసెంబ్లీ సీట్లలాగా ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళే గెలిచే నియోజకవర్గాలు. ఇప్పుడు వాటికి విడిగా సీటు లేదు. "నల్లూరులో ఆధిక్యం" అని టీవీలో స్క్రోలింగ్ వచ్చిందంటే అక్కడ ఎవరో గెలిచినట్టు కాదు. 11 డివిజన్లూ పోస్టల్ ఓట్లూ కూడితే వచ్చే జిల్లా మొత్తమే మనకు పనికొస్తుంది.

మొదటి మెట్టు: అంకెలు రాసుకోవడం

2024 జాఫ్నా జిల్లా మొత్తాలు ఇవి:

నమోదైన ఓటర్లు: 5,93,187
పోలైన ఓట్లు: 3,58,079
చెల్లని ఓట్లు: 32,767
చెల్లిన ఓట్లు: 3,25,312

పార్టీల వారీగా పైనుంచి:

ఎన్‌పీపీ (దిక్సూచి గుర్తు): 80,830
ఇలంకై తమిళ్ అరసు కట్చి (ఇల్లు): 63,327
అఖిల సిలోన్ తమిళ కాంగ్రెస్ (సైకిల్): 27,986
స్వతంత్ర బృందం 17: 27,855
డెమోక్రటిక్ తమిళ్ నేషనల్ అలయన్స్ (శంఖం): 22,513
ఈపీడీపీ, అంటే ఈలం పీపుల్స్ డెమోక్రటిక్ పార్టీ (వీణ): 17,730
సమగి జన బలవేగయ: 15,276

దీని కింద ఇంకా చాలా వరుసలున్నాయి. సైకిల్ గుర్తు చూసి తెలుగువాళ్ళకు ఎవరో గుర్తుకు రావచ్చు. ఇక్కడ మాత్రం అది పొన్నంబలం కుటుంబం నడిపే పాత తమిళ కాంగ్రెస్‌ది. జాఫ్నాలో మామూలు మాటల్లో పార్టీ పేరుకన్నా గుర్తే ఎక్కువ వినిపిస్తుంది. "ఇల్లు"కి వేశావా, "సైకిల్"కి వేశావా అని అడుగుతారు.

చెల్లని ఓట్ల వరుసను దాటేయకండి. చెల్లిన ఓట్లకు కలిపి చూడండి, పోలైన మొత్తం సరిపోతుంది. కంగారు పెట్టాల్సిన విషయం ఒకటుంది. పోలైన ప్రతి వంద ఓట్లలో తొమ్మిది చెల్లలేదు. సీటు గెలిచిన సైకిల్‌కి వచ్చిన ఓట్లకన్నా, సీటు గెలిచిన స్వతంత్ర బృందానికి వచ్చిన ఓట్లకన్నా చెల్లని ఓట్లే ఎక్కువ. బ్యాలెట్ ఎంత పొడుగో ఊహించుకోండి. బృందం పేరులోనే 17 ఉందంటే స్వతంత్ర బృందాలే కనీసం అన్ని ఉన్నాయన్నమాట. ఓటరు ముందు ఒక పార్టీ పక్కన ఇంటూ గుర్తు పెట్టాలి, తర్వాత కావాలంటే కింద అభ్యర్థుల నంబర్ల మీద మూడు దాకా పెట్టవచ్చు. పార్టీకి పెట్టకుండా నంబర్లకే పెట్టినా, రెండు పార్టీలకు పెట్టినా ఓటు పోయినట్టే.

రెండో మెట్టు: ఐదు శాతం గడప

చెల్లిన ఓట్లలో ఇరవయ్యో వంతు రాని పార్టీలను జిల్లా లెక్కలోంచి తీసేయాలి. 3,25,312 లో 5 శాతం అంటే 16,265.6. ఈపీడీపీ 17,730తో గడప దాటింది. సమగి జన బలవేగయ 15,276తో ఆగిపోయింది. అది దేశంలో రెండో పెద్ద పార్టీ, ఆ ఎన్నికల్లోనే మొత్తం 40 సీట్లు తెచ్చుకుంది. అయినా సరే, గడప ఏ జిల్లాకు ఆ జిల్లాదే. కొలంబోలో ఎంత బలముందన్నది జాఫ్నాలో ఎవరూ అడగరు.

గడప దాటిన ఆరుగురివీ కూడండి:

80,830 + 63,327 + 27,986 + 27,855 + 22,513 + 17,730 = 2,40,241

అంటే 85,071 ఓట్లు ఇక్కడితో లెక్కలోంచి బయటికి పోయాయి. చెల్లిన ఓట్లలో నాలుగో వంతుకు మించి. చెల్లని ఓట్లు కూడా కలుపుకుంటే ఆ రోజు పోలింగ్ బూత్ దాకా వెళ్ళిన ప్రతి ముగ్గురిలో ఒకరి ఓటు సీట్ల పంపకం దాకా రాలేదు. నన్నడిగితే జాఫ్నా ఫలితంలో అన్నిటికన్నా పెద్ద వార్త ఇదే. శీర్షికల్లో మాత్రం కనపడలేదు.

దీనికి గడపనే తప్పుపట్టడం న్యాయం కాదు. 1978 రాజ్యాంగంలో గడప ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం ఉండేది. 1988లో పదిహేనో సవరణతో దాన్ని 5 శాతానికి దించారు. దామాషా పద్ధతిలో తొలి పార్లమెంటు ఎన్నికలు 1989లో జరిగాయి కాబట్టి పాత గడప ఒక్క పార్లమెంటు ఎన్నికకూ పనికి రాకుండానే పోయింది. అది ఇప్పుడుండి ఉంటే ఏమయ్యేదో కిందకొచ్చాక చూద్దాం.

మూడో మెట్టు: బోనస్ సీటు

జిల్లాలో అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చిన పార్టీకి ఒక సీటు ముందే పక్కన పెట్టి ఇచ్చేస్తారు. ఒక్క ఓటు ఎక్కువొచ్చినా చాలు, అసలు పంపకం మొదలవక ముందే చేతికి ఒకటి వస్తుంది. జాఫ్నాలో ఇది ఎన్‌పీపీకి దక్కింది.

దామాషా పద్ధతిలో ఇది అతకని ముక్క. గెలిచినవాళ్ళకు కాస్త బలం ఇస్తే ప్రభుత్వం నిలకడగా ఉంటుందన్నది దీని వెనక ఉన్న వాదన. సరే, అనుకుందాం. కానీ బోనస్ బరువు అన్ని చోట్లా ఒకేలా ఉండదు. గంపహాలో 19 సీట్లు, కొలంబోలో 18. అక్కడ ఒక సీటు అటూ ఇటూ అయితే పెద్దగా తెలియదు. జాఫ్నాలో అది ఆరో వంతు. నాలుగే సీట్లున్న త్రికోణమలైలో నాలుగో వంతు. చిన్న జిల్లాల్లో మొదటి స్థానం కోసం కొట్టుకునేది ఇందుకే.

నాలుగో మెట్టు: కోటా

ఆరులో ఒకటి పోగా మిగిలినవి ఐదు. గడప దాటిన మొత్తం ఓట్లను ఐదుతో భాగించాలి:

2,40,241 ÷ 5 = 48,048.2

భిన్నం మిగిలితే పై పూర్ణసంఖ్యకు పెంచాలని రాజ్యాంగం 99వ అధికరణం చెబుతుంది. కాబట్టి కోటా, అంటే ఒక్కో సీటుకు కావలసిన ఓట్లు, 48,049. ఎక్సెల్‌లో చేసేవాళ్ళు మామూలు రౌండింగ్ కాకుండా రౌండప్ వాడాలి. ఒక్క ఓటే తేడా కదా అనుకోవద్దు, శేషాలు దగ్గర దగ్గరగా ఉన్న జిల్లాలో ఒక్క ఓటే సీటు మార్చవచ్చు.

ఇప్పుడు ప్రతి పార్టీ ఓట్లలో ఎన్ని పూర్తి కోటాలున్నాయో చూడండి. ఎన్‌పీపీకి ఒకటి, శేషం 32,781. తమిళ్ అరసుకు ఒకటి, శేషం 15,278. మిగతా నలుగురికీ ఒక్క పూర్తి కోటా కూడా లేదు. వాళ్ళ ఓట్లన్నీ శేషం కిందికే వస్తాయి.

బోనస్ ఒకటి, కోటాలతో రెండు. మూడు సీట్లు తేలాయి, మూడు మిగిలాయి.

ఐదో మెట్టు: శేషాల వరుస

శేషాలను పెద్దవాటి నుంచి చిన్నవాటికి పేర్చండి:

ఎన్‌పీపీ: 32,781
సైకిల్: 27,986
స్వతంత్ర బృందం 17: 27,855
శంఖం: 22,513
ఈపీడీపీ: 17,730
తమిళ్ అరసు: 15,278

పైనున్న ముగ్గురికీ తలా ఒక సీటు. మొత్తం కలిపితే ఎన్‌పీపీ 3, తమిళ్ అరసు 1, సైకిల్ 1, స్వతంత్ర బృందం 1. ఎన్నికల సంఘం ప్రకటించింది కూడా సరిగ్గా ఇదే.

ఇక్కడ కాసేపు ఆగి ఈ వరుసనే మళ్ళీ చూడండి. ఎన్‌పీపీ మూడు సీట్లూ మూడు వేర్వేరు దారుల్లో వచ్చాయి: ఒకటి బోనస్, ఒకటి కోటా, ఒకటి శేషం. తమిళ్ అరసు కోటా దాటాక మిగిలిన 15,278 వరుసలో అట్టడుగున పడ్డాయి. జిల్లాలో రెండో పెద్ద పార్టీ తన రెండో సీటు కోసం ఈపీడీపీ కన్నా వెనక నిలబడాల్సి వచ్చింది. శేషాల పద్ధతిలో ఇదే చిత్రం. కోటాకు కొంచెం ఎక్కువ వస్తే ఆ మిగులు దాదాపు వృథా. కోటాకు బాగా తక్కువ వచ్చినా, పోటీలో ఉన్నవాళ్ళందరూ చిన్నవాళ్ళయితే సీటు ఖాయం.

ఆరో మెట్టు: ఆఖరి సీటు ఎవరిది, ఎంతలో తప్పింది?

మన దగ్గర మెజారిటీ అనే మాటకు ఇక్కడ సాటి వచ్చేది ఇదొక్కటే. ఆఖరి సీటు స్వతంత్ర బృందం 17ది, 27,855తో. దాని వెనకే శంఖం, 22,513తో. తేడా 5,342. శంఖానికి ఇంకో 5,343 ఓట్లు పడి ఉంటే ఆ సీటు చేతులు మారేది.

తమిళ్ అరసుకు రెండో సీటు రావాలంటే? ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. 27,855 లోంచి 15,278 తీసేసి 12,577 ఓట్లు చాలనేస్తారు. చాలవు. కొత్త ఓట్లు కలిస్తే మొత్తం పెరుగుతుంది, మొత్తం పెరిగితే కోటా పెరుగుతుంది, కోటా పెరిగితే శేషం తగ్గుతుంది. ఐదు కొత్త ఓట్లు వస్తే శేషానికి కలిసేవి నాలుగే. కాబట్టి కావలసినవి దాదాపు 15,700. మొదటి స్థానానికి ఉన్న దూరం 17,503. అంటే ఇంకో రెండు వేలలోపు ఓట్లు తెచ్చుకుంటే బోనసే వచ్చేస్తుంది.

అటు తిప్పి ఇటు తిప్పి చూడటం

లెక్క చేతికొచ్చాక అసలు మజా మొదలవుతుంది. అంకెలు అవే ఉంచి షరతులు మార్చి చూడండి.

మొదట బోనస్ తీసేద్దాం. అప్పుడు ఆరు సీట్లకూ కోటా 40,041. ఎన్‌పీపీకి రెండు కోటాలు, శేషం 748 మాత్రమే. తమిళ్ అరసుకు ఒకటి, శేషం 23,286. మిగిలిన మూడు సీట్లు సైకిల్‌కి, స్వతంత్ర బృందానికి, తమిళ్ అరసుకు వెళ్తాయి. ఫలితం 2, 2, 1, 1. తమిళ్ అరసు రెండో సీటు శంఖాన్ని 773 ఓట్లతో దాటి వస్తుంది. బోనస్ ఒక్కటే ఎన్‌పీపీని రెండు నుంచి మూడుకు ఎత్తిందన్నమాట.

ఇప్పుడు బోనస్ ఉంచి, పాత 12.5 శాతం గడప పెట్టి చూద్దాం. గడప 40,664 అవుతుంది. దాటేవాళ్ళు ఇద్దరే. వాళ్ళ మొత్తం 1,44,157, కోటా 28,832. ఇద్దరికీ రెండేసి కోటాలు, ఆఖరి సీటు శేషం మీద ఎన్‌పీపీకి. బోనస్ కలుపుకుంటే 4, 2. సైకిల్, స్వతంత్ర బృందం రెండూ మాయం.

అన్నిటికన్నా ఆసక్తికరమైంది మూడోది. శంఖం కూటమిలో ఉన్న పార్టీల్లో కొన్ని ఒకప్పుడు తమిళ్ అరసుతో కలిసి తమిళ జాతీయ కూటమిలో ఉన్నవే. విడిపోకుండా ఉండి, ఇద్దరి ఓట్లూ ఒకే గుర్తు మీద పడి ఉంటే? 63,327 + 22,513 = 85,840. ఎన్‌పీపీ 80,830ని దాటేసింది. బోనస్ చేతులు మారింది. మొత్తం మారలేదు కాబట్టి కోటా అదే 48,049. కూటమికి బోనస్ 1, కోటా 1, శేషం 37,791. ఎన్‌పీపీకి కోటా 1, శేషం 32,781. మిగిలిన మూడు సీట్లు కూటమికి, ఎన్‌పీపీకి, సైకిల్‌కి. ఫలితం: కూటమి 3, ఎన్‌పీపీ 2, సైకిల్ 1. స్వతంత్ర బృందం 131 ఓట్ల తేడాతో సీటు పోగొట్టుకుంటుంది. ఓటర్లు ఒక్కరు కూడా మనసు మార్చుకోలేదు, గుర్తు ఒకటైందంతే, మొదటి స్థానమూ సగం సీట్లూ అటు వెళ్ళిపోయాయి. ఎన్నికల ముందు పొత్తుల గురించి జాఫ్నాలో జరిగే గొడవలన్నీ ఈ ఒక్క లెక్కలో కనపడతాయి. నిజానికి విడిపోయిన పార్టీల ఓట్లు కలిస్తే అన్నీ అలాగే బదిలీ అవుతాయన్న హామీ లేదు, మన పొత్తుల అనుభవం మనకు తెలుసు. కానీ ఎంత నష్టపోయారో అంచనాకు ఇది చాలు.

ఇంకో మాట. దామాషా అనగానే కొందరు ఇది డి'హాంట్ పద్ధతి అని రాసేస్తారు. స్పెయిన్‌లో ప్రావిన్సుల వారీగా వాడేది అది. అక్కడ ప్రతి పార్టీ ఓట్లను 1, 2, 3 అంటూ భాగించుకుంటూ పోయి, వచ్చిన అంకెల్లో పెద్దవాటికి సీట్లిస్తారు. బోనస్ ఇచ్చాక మిగిలిన ఐదు సీట్లకు ఆ పద్ధతి వాడితే జాఫ్నాలో ఎన్‌పీపీ 3, తమిళ్ అరసు 2, సైకిల్ 1 వచ్చి ఉండేవి. అసలు ఫలితంతో కలవదు. ఏ దేశం లెక్క మొదలుపెట్టినా ముందు పద్ధతి ఏదో చూసుకోవాలి.

ఏడో మెట్టు: పార్టీ సీటు, మనిషి సీటు

ఇంతవరకూ తేలింది పార్టీలకు ఎన్ని సీట్లన్నదే. ఆ సీట్లలో కూర్చునేది ఎవరో ప్రిఫరెన్స్ ఓట్లు తేలుస్తాయి. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యం అంటూ అంకెలు వేస్తాం కదా, ఆ పద్ధతి వేరు. ఇక్కడ మూడు ఇంటూ గుర్తులకూ ఒకే విలువ. ఒకరినుంచి ఇంకొకరికి ఓటు బదిలీ కావడం ఉండదు. ఒక్కో జాబితాలో సీట్లకన్నా ముగ్గురు ఎక్కువ, అంటే జాఫ్నాలో 9 మంది ఉంటారు. ఎవరికి ఎక్కువ గుర్తులు పడితే వాళ్ళు ముందు.

తమిళ్ అరసు ఒకే సీటు గెలిచింది కాబట్టి 32,833 ప్రిఫరెన్స్ ఓట్లతో శివజ్ఞానం శ్రీధరన్ ఎంపీ అయ్యారు. అదే జాబితాలో ఉన్న, దేశమంతా పేరున్న లాయర్ ఎం.ఏ. సుమంతిరన్ ఓడిపోయారు. ఆయన్ను ఓడించింది ఎదుటి పార్టీ కాదు, సొంత జాబితాలోని మనిషి. ఈ పద్ధతిలో ప్రచారం చివరి వారంలో ఒకే పార్టీవాళ్ళు ఒకరి పోస్టర్ల మీద ఒకరు పోస్టర్లు అంటించుకునేది అందుకే.

ఈ అంకెల్ని చదవడానికి ఒక చిట్కా: అభ్యర్థి ప్రిఫరెన్స్ ఓట్లను ఆ పార్టీ ఓట్లతో భాగించండి. శ్రీధరన్‌కు తమిళ్ అరసు ఓటర్లలో 52 శాతం దాకా గుర్తు పెట్టారు. ఎన్‌పీపీలో మొదటి స్థానంలో నిలిచిన కరుణానందన్ ఇలంకుమరన్‌కు 32,102, అంటే ఆ పార్టీ ఓటర్లలో 40 శాతం. స్వతంత్ర బృందం 17 నుంచి గెలిచిన డాక్టర్ రామనాథన్ అర్చునకు 20,487, అంటే 74 శాతం దాకా. చావకచ్చేరి ఆసుపత్రిలో అక్రమాలున్నాయని ఆరోపించి సోషల్ మీడియాలో పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. బృందం అని పేరే తప్ప అది ఒక్క మనిషి ఓటు అని ఈ శాతం చెప్పేస్తుంది. ఎన్‌పీపీది అందుకు తిరగేసి ఉంది. అభ్యర్థి ఎవరన్నదానికన్నా దిక్సూచి గుర్తును చూసి వేశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో జరిగిన అధ్యక్ష ఎన్నికల్లో ఇదే జాఫ్నాలో ఎన్‌పీపీ నాయకుడు అనుర కుమార దిసనాయకేకు 27,086 ఓట్లే పడ్డాయి. ఆయన దేశాధ్యక్షుడయ్యాక రెండు నెలలు తిరక్కుండా పార్టీకి 80,830 పడ్డాయి.

వేర్వేరు జాబితాల్లోని అభ్యర్థుల ప్రిఫరెన్స్ ఓట్లను మాత్రం పక్కపక్కన పెట్టి పోల్చకండి. సైకిల్ మీద గెలిచిన గజేంద్రకుమార్ పొన్నంబలంకు 15,135 వచ్చాయి. దాని అర్థం ఆయన బలహీనుడని కాదు. సొంత పార్టీ ఓటర్లలో 54 శాతం ఆయనకు గుర్తు పెట్టారు.

ఓడిన జాబితాలోని పేర్లు కూడా దాచిపెట్టుకోండి. అక్కడ ఉప ఎన్నికలు ఉండవు. సభ్యుడు చనిపోయినా రాజీనామా చేసినా అదే జాబితాలో ప్రిఫరెన్స్ ఓట్లలో తర్వాత ఉన్నవాళ్ళు నేరుగా సభలోకి వెళ్తారు.

చేయి తిరగడానికి: 2020 జాఫ్నా

ఇప్పుడు మీరే చేయండి. 2020 ఆగస్టు ఎన్నికల్లో జాఫ్నాకు 7 సీట్లు. చెల్లిన ఓట్లు 3,59,130. గడప దాటిన పార్టీలు ఐదు:

తమిళ్ అరసు (తమిళ జాతీయ కూటమి): 1,12,967
సైకిల్: 55,303
శ్రీలంక ఫ్రీడం పార్టీ: 49,373
ఈపీడీపీ: 45,797
సి.వి. విఘ్నేశ్వరన్ నాయకత్వంలోని కూటమి: 35,927

కింది వరుసలు చూడకముందే కాగితం మీద వేసేయండి.

మొత్తం 2,99,367. బోనస్ తమిళ్ అరసుకు. మిగిలిన ఆరుతో భాగిస్తే 49,894.5, కోటా 49,895. తమిళ్ అరసుకు రెండు కోటాలు, శేషం 13,177. సైకిల్‌కి ఒకటి, శేషం 5,408. మిగిలినవి మూడు సీట్లు. శేషాల్లో పెద్దవి మూడు ఎవరివంటే, కోటా అసలు అందుకోని ముగ్గురివే. ఫ్రీడం పార్టీకి కోటా 522 ఓట్లలో తప్పింది, విఘ్నేశ్వరన్‌ కూటమికి దాదాపు 14 వేలలో తప్పింది. దక్కింది మాత్రం ఇద్దరికీ ఒక్కో సీటే. ఫలితం 3, 1, 1, 1, 1.

రెండు ఎన్నికలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 2020లో గడప దగ్గర ఆగిపోయిన ఓట్లు 59,763. 2024లో 85,071. 2020లో 45,797 ఓట్లతో సీటు గెలిచిన ఈపీడీపీ నాయకుడు డగ్లస్ దేవానంద 1994 నుంచి జాఫ్నా ఎంపీగా కొనసాగుతూ వచ్చారు. 2024లో 17,730 దగ్గర పార్టీ ఆగిపోయి, శేషాల వరుసలో ఐదో స్థానంలో మిగిలింది. మూడు సీట్లున్న చోట ఐదో స్థానం.